ఎందుకో అలా అనిపించింది

సాఫ్ట్‌వేర్ డిజైన్ మీటింగుల్లో అనకూడని మాట ఒకటుంది. "ఎందుకో నాకలా అనిపిస్తోందండీ" అన్నామా, అయిపోయామన్నమాటే. ఎదురుగా కూర్చున్నాయన కళ్ళజోడు సవరించుకుని "అనిపించడం సరే, లెక్కలేవీ?" అంటాడు. లెక్కలు తప్పకుండా చూపిస్తాం. ఏం చెయ్యాలో ముందు మనసులో తేల్చేసుకుని, తర్వాత దానికి తగ్గ పట్టిక తయారు చేస్తాం. మూడు పద్ధతులు, ఒక్కోదానికి పదేసి మార్కులు, మనకి కావలసినదానికి తొమ్మిది. ఈ వృత్తిలో కొన్నేళ్ళుంటే ఈ విద్య బాగానే అబ్బుతుంది.

ఇది మనలాంటి వాళ్ళ చిల్లర తెలివి అనుకోకండి. పీటర్ నౌర్ అని డెన్మార్క్ పెద్దాయన ఒకరుండేవారు. ఆల్గాల్ 60 భాష నివేదికకి సంపాదకుడు, 2005కి ట్యూరింగ్ అవార్డు అందుకున్నవాడు. 1985లో, ప్రోగ్రాములన్నిటినీ గణిత సిద్ధాంతాల్లాగా రుజువు చేసెయ్యాలని అందరూ ఊపు మీదున్న రోజుల్లో, సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఇంట్యూషన్ పాత్ర గురించి ఒక వ్యాసం రాశారు. ఎంత పకడ్బందీ పద్ధతి పెట్టుకున్నా, ఈ సూత్రం అసలు లోకంలోని ఆ విషయాన్ని సరిగ్గా పట్టుకుందా లేదా అని తేల్చేది మనిషికి తట్టడమేననీ, దాన్ని దాటి వెళ్ళే దారి లేదనీ ఆయన వాదన.

ఇంట్యూషన్‌కి నిఘంటువుల్లో సహజావబోధం, అంతర్బుద్ధి లాంటి బరువైన మాటలున్నాయి. మా వైపు "మనసుకి తట్టింది" అంటారు. నేను స్ఫురణ అంటాను. అది ఎప్పుడు నమ్మదగ్గది, ఎప్పుడు కాదు అన్నదే నా సందేహం. దీనికి పుస్తకాల్లో వెతికినదానికన్నా మంచి ఉదాహరణ నేనుంటున్న కువైత్ చరిత్రలోనే దొరికింది. ఒకే కంపెనీ, అటూ ఇటూగా ఒకే కాలంలో, రెండు రకాల పందేలు కాసింది. ఒకటి నాలుగైదేళ్ళకే పాతబడిపోయింది. రెండోది ఇంకో రూపంలో నిలిచింది.

1982 కువైత్ అంటే ఇక్కడి పాతకాపులకి మొదట గుర్తొచ్చేది సూక్ అల్ మనాఖ్. ఏసీ పెట్టిన ఒక పార్కింగ్ భవనంలో నడిచిన షేర్ల బజారు అది. అధికారిక స్టాక్ ఎక్స్ఛేంజీకి బయట, ముందు తారీఖులు వేసిన చెక్కుల మీద కొనుగోళ్ళు. ధర పెరుగుతూనే ఉంటుందని ఊరు ఊరంతా గట్టిగా 'అనిపించింది'. ఆ ఆగస్టులో ఎవరో చెక్కు మార్చుకోబోతే డబ్బుల్లేవు. లెక్క తీస్తే చేతులు మారిన చెక్కుల ముఖ విలువ సుమారు 94 బిలియన్ డాలర్లు. ఎడారి మధ్యన ఎండమావి అంటే ఇదే కాబోలు.

సరిగ్గా అదే ఏడాది ఇక్కడ మొహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైతీ, అల్ ఆలమియా అనే కంపెనీ పెట్టారు. దాని కంప్యూటర్ పేరు సఖ్ర్. అరబిక్‌లో సఖ్ర్ అంటే బండరాయి. ఈ షారిఖ్ ఇంజనీరు కాదు. కైరోలో అర్థశాస్త్రం, తర్వాత అమెరికాలో విలియమ్స్ కాలేజీలో చదువు, ఆ పైన అభివృద్ధి నిధులూ బ్యాంకుల ఉద్యోగాలూ. కథలు కూడా రాసేవారు. కంప్యూటర్ తెలిసినవాళ్ళు చాలామంది, అరబిక్ తెలిసినవాళ్ళు కోట్లమంది ఉన్న రోజుల్లో, ఆ రెండిటినీ కలపడం డబ్బు పెట్టదగ్గ పనే అని ఒక అర్థశాస్త్రం చదివినాయనకి తోచింది.

కువైత్‌లోనే ఎందుకు అంటే చమురు డబ్బొక్కటే జవాబు కాదు. అరబ్ ప్రపంచమంతా చదివే 'అల్ అరబీ' మాసపత్రిక 1958 నుంచీ ఇక్కణ్ణుంచే వస్తోంది. 1978లో ఇక్కడి జాతీయ సాంస్కృతిక మండలి 'ఆలం అల్ మఅరిఫా' అని నెలనెలా ఒక పుస్తకం చవగ్గా వెయ్యడం మొదలుపెట్టింది. మన దగ్గర ఒకప్పుడు ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం చేసిన పని లాంటిది, ఇరవై దేశాల స్థాయిలో. అంటే అరబిక్ అక్షరం మీద డబ్బు పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అరబిక్‌లో 28 అక్షరాలు. వాటిలో 22 అక్షరాలు ఇటూ అటూ రెండువైపులా చేతులు కలుపుతాయి. అందువల్ల ఒక్కోదానికి నాలుగు ఆకారాలు: విడిగా ఉంటే ఒకటి, పదం మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మిగిలిన ఆరూ ముందున్న అక్షరంతోనే కలుస్తాయి, తర్వాతి దానికి చెయ్యివ్వవు. వాటికి రెండేసి ఆకారాలు. లెక్కేసుకోండి, మొత్తం సరిగ్గా 100. 'లామ్-అలిఫ్' లాంటి జోడక్షరాలు వేరే.

టైపురైటర్ వాళ్ళు ఇన్ని మీటలు పెట్టలేక, నాలుగు ఆకారాలని రెండుకి కుదించి సర్దుకున్నారు. కంప్యూటర్ వచ్చేసరికి ప్రశ్న ఇలా మారింది: మెమరీలో దాచాల్సింది కంటికి కనబడే ఆకారాన్నా, లేక ఆ ఆకారం వెనకున్న అక్షరాన్నా?

ఇవాళ అడిగితే జవాబు తేలిగ్గా ఉంటుంది. 1980ల మొదట్లో అంత తేలిక కాదు. ఒక బైటులో 256 గడులు. ఇంగ్లీషు సగం తీసుకోగా 128 మిగిలాయి. మన ఆకారాలు వంద. చక్కగా పడతాయి! ఆకారాన్నే దాచేస్తే తెరమీద చూపించడం కూడా సుళువు, గడి నంబరు తీసుకుని బొమ్మ గీసెయ్యడమే. అక్షరాన్ని దాస్తే మాత్రం, చూపించే ప్రతిసారీ దాని అటుపక్కదీ ఇటుపక్కదీ చూసి ఏ ఆకారం వెయ్యాలో నిర్ణయించుకోవాలి. 3.58 మెగాహెర్ట్జ్‌ల జెడ్80 ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ ఉన్న ఇంటి కంప్యూటర్‌కి ఇది దండగ చాకిరీ. అప్పుడెవరైనా నాలాంటి కన్సల్టెంటు పట్టిక వేసుంటే, ఆకారాల పద్ధతికి తొమ్మిది మార్కులు ఖాయం.

అలా చేసినవాళ్ళు లేకపోలేదు. ఐబీఎమ్ వాళ్ళ కోడ్ పేజీ 864 ఆకారాల పట్టికే. రెండో వైపు అరబ్ దేశాల ప్రమాణాల సంస్థ అస్మో 1980ల్లో తెచ్చిన 449, 708 ప్రమాణాల్లో అక్షరాలే ఉన్నాయి, ఆకారాలు లేవు. 1987లో వచ్చిన ఐఎస్‌ఓ 8859-6 కూడా అదే దారి పట్టింది. అంతకుముందే మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో సయ్యద్ హైదర్ అనే ప్రొఫెసరు, పక్క అక్షరాలని చూసి ఆకారాన్ని యంత్రమే ఎంచుకునే పద్ధతిని తయారు చేసి చూపించారు. జిరాక్స్‌లో జోసెఫ్ బెకర్ 1984లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంలోనూ ఇదే ధోరణి. ఆ బెకరే 1988లో యూనికోడ్ తొలి ప్రతిపాదన రాశారు.

వీళ్ళెవరి చేతిలోనూ "పదేళ్ళ తర్వాత వెతకడానికి ఇంత ఖర్చు తగ్గుతుంది" అన్న అంకెలు లేవు. ఉన్నదల్లా ఒక చదువరికి తెలిసిన సంగతి. 'కితాబ్'లో మొదట వచ్చే కాఫ్, 'మాలిక్'లో చివర వచ్చే కాఫ్ ఒకటే కాఫ్. చూడ్డానికి వేరు. బళ్ళో పిల్లాడికైనా ఆ సంగతి తెలుసు. ఆకారాలు దాచిన యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు అంకెలు. అకారాది క్రమంలో పెట్టమంటే తికమక, వెతకమంటే దొరకదు.

ఈ ముచ్చట తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, మనం అనుభవించాం. 1988లో ఇస్కీ వచ్చింది. ఆకారాన్ని పక్కనపెట్టి ధ్వనిని దాచమంది. యూనికోడ్‌లోని మన తెలుగు గడుల వరసకి ఆధారం అదే. కానీ మన పత్రికలూ ప్రచురణకర్తలూ డీటీపీకి ఆకారాల ఫాంట్లు పట్టుకున్నారు. తలకట్టు ఒక గడి, ఒత్తు ఒక గడి, కొమ్ము ఒక గడి. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, ఒక్కో గడుల వరస. కాగితం మీద ముచ్చటగా ఉండేది, కాదనను. 2000ల్లో ఆ పత్రికల వెబ్‌సైట్లు చదవడానికి పద్మ లాంటి మార్పిడి పరికరాలు కావలసొచ్చాయి. అదే 1990ల్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు తయారు చేసుకున్న ఆర్‌టీఎస్ చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం. అందచందాల్లేవు, చదవాలంటే కళ్ళు నొప్పి. కానీ దాచింది ధ్వనిని. అందుకే అప్పటి ఆర్‌టీఎస్ పాఠాలు ఇవాళ యూనికోడ్‌లోకి చిటికెలో మారిపోతాయి. వీవెన్ గారి లేఖిని మనలో చాలామంది చేత తెలుగు రాయించింది కూడా ఆ దారినే.

తిరిగి కువైత్‌కి. అక్షరం తర్వాత చిక్కు అచ్చులది. అరబిక్ మామూలు రాతలో పొట్టి అచ్చులు రాయరు. క-త-బ అని మూడు హల్లులుంటాయి. అది 'కతబ' (రాశాడు) కావచ్చు, 'కుతుబ్' (పుస్తకాలు) కావచ్చు, 'కుతిబ' (రాయబడింది) కావచ్చు. చదివేవాడు వాక్యం చూసి అచ్చులు తనే నింపుకుంటాడు. పొద్దున్న పేపరు చదివే ప్రతి అరబ్బూ ప్రతి వాక్యంలో ఈ పని చేస్తాడు, చేస్తున్నట్టు తెలియకుండానే. "ఇది కుతుబ్ అని ఎలా తెలిసింది?" అని మా ఆఫీసులో ఒక లెబనాన్ మిత్రుణ్ణి అడిగితే కాసేపు ఆలోచించి "ఇంకేమవుతుంది మరి?" అన్నాడు. స్ఫురణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేనిప్పుడు ఈ జవాబే చెప్తాను.

అంటే అరబిక్ సాఫ్ట్‌వేర్ రాయాలంటే ముందు కోట్లమంది చదువరుల స్ఫురణని విప్పి, దాని లోపల ఏముందో చూడాలి. సఖ్ర్‌లో ఈ పనికి పూనుకున్నది నబీల్ అలీ అనే ఈజిప్టు ఇంజనీరు. 1938లో పుట్టారు. చదివింది విమానాల ఇంజనీరింగ్, పనిచేసింది ఈజిప్టు వైమానిక దళంలో, తర్వాత ఈజిప్ట్‌ఎయిర్ కంప్యూటర్ల మీద. అక్కణ్ణుంచి భాషాశాస్త్రంలోకి వచ్చారు.

ఇంగ్లీషులో వెతకడానికి అప్పటికే ఒక కిటుకుంది. మార్టిన్ పోర్టర్ 1980లో ప్రచురించిన పద్ధతిలో పదం తోక కత్తిరించేస్తే చాలు, మూలం ఇంచుమించుగా మిగులుతుంది. అరబిక్‌కి తోకలు కత్తిరిస్తే పని జరగదు, మార్పు పదం కడుపులోనే జరుగుతుంది. కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తబా. పుస్తకం, రాసేవాడు, కార్యాలయం, గ్రంథాలయం. అన్నిట్లోనూ క-త-బ అనే ధాతువుంది, దాని చుట్టూ అచ్చు మారుతుంది. పైగా 'మరియు', 'తో', 'కి' అనే మాటలు పదానికి ముందు అతుక్కుపోతాయి.

అప్పుడు రెండు దార్లున్నాయి. పదాల రూపాలన్నీ జాబితా రాసి పెట్టుకోవడం ఒకటి. ధాతువు, అచ్చు అనే నియమాలని యంత్రానికి నేర్పి, ప్రతి పదాన్నీ విడదీయించడం రెండోది. జాబితా తయారు చెయ్యడం మొదలుపెట్టిన రోజునుంచే ఫలితం చూపిస్తుంది. నియమాల దారిలో చాలాకాలం చూపించడానికేమీ ఉండదు. సఖ్ర్ రెండో దారి పట్టింది. 1985లో ఖురాన్ పాఠాన్ని కంప్యూటర్‌కెక్కించిన ప్రోగ్రాము తెచ్చారు. ఖురాన్ సుమారు 77 వేల పదాలు, అచ్చులన్నీ రాసి ఉన్న పాఠం, ప్రతి పదం ధాతువు మీదా శతాబ్దాల పాండిత్యం ఉంది. కొత్త పద్ధతిని సరిచూసుకోవడానికి అంతకన్నా కఠినమైన పరీక్ష, అంతకన్నా నమ్మకమైన జవాబుల పుస్తకం ఇంకోటి ఉండదు. తప్పు పోతే చెప్పేవాళ్ళు వీధికి పదిమంది. 1988లో నబీల్ అలీ తన అనుభవమంతా 'అరబిక్ భాష, కంప్యూటరు' అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా రాశారు.

ఇక్కడ నాకు ముచ్చటేసే సంగతొకటి. ఈ ధాతువుల ఆలోచన నబీల్ అలీది కాదు, సఖ్ర్‌ది అంతకన్నా కాదు. ఎనిమిదో శతాబ్దంలో అల్ ఖలీల్ అనే పండితుడు తొలి అరబిక్ నిఘంటువు తలపెట్టినప్పుడు ధాతువుల అక్షరాలని ముందువెనకలు చేసి, వీలున్న కూర్పులన్నీ వరసగా రాసుకుంటూ పోయాడు. 28లోంచి మూడు వేర్వేరు అక్షరాల్ని వరసమార్చి పేరిస్తే 19,656 కూర్పులొస్తాయి. వాటిలో భాషలో ఉన్నవేవి, లేనివేవి అని వడపోత. ఇది ప్రోగ్రాము కాకపోతే మరేమిటి? ఆయన ఉండింది బస్రాలో, కువైత్ సరిహద్దుకి కాస్త పైన. ఆయన శిష్యుడు సీబవైహి అరబిక్‌కి మన పాణిని లాంటివాడు, పుట్టుకతో పర్షియన్. మాతృభాష కాని భాషకి వ్యాకరణం రాసినవాడు కనకే, అరబ్బులకి సహజంగా తట్టేవి ఆయనకి నియమాలుగా కనబడ్డాయేమో అని నా ఊహ.

అంటే సఖ్ర్ వాళ్ళ ఈ పందెం వెనక వెయ్యేళ్ళకి పైబడిన నేల ఉంది. గట్టి నేల.

ఇప్పుడు రెండో పందెం సంగతి. ఇన్ని పనులు చేయించడానికి యంత్రమేది? 1983లో జపాన్‌లో ఆస్కీ కంపెనీ తరఫున కజుహికో నిషి, మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఎమ్మెస్సెక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించారు. వీడియో టేపు ఏ కంపెనీ వీసీఆర్‌లోనైనా ఆడినట్టు, ఒకే ప్రోగ్రాము ఏ కంపెనీ ఇంటి కంప్యూటర్ మీదైనా నడవాలని ఆశ. ఎంత అందమైన ఆలోచన! అల్ ఆలమియా దీన్ని పట్టుకుంది. యమహా, సాన్యో, దేవూ లాంటి జపాన్, కొరియా కంపెనీల యంత్రాలు అరబిక్ రామ్‌తో, అరబిక్ కీబోర్డుతో సఖ్ర్ పేరు మీద వచ్చాయి. ఏఎక్స్-170 అన్న పేరు చెబితే నాతో పనిచేసిన నలభై దాటిన కువైతీల మొహాలు ఇప్పటికీ వెలిగిపోతాయి. వాళ్ళలో సగం మంది మొదటి 'పది ప్రింట్, ఇరవై గోటూ పది' రాసింది దాని మీదే, అదీ అరబిక్‌లో.

కానీ ఎమ్మెస్సెక్స్ అమెరికాలో అడుగు పెట్టలేకపోయింది. ఆఫీసుల్లోకి ఐబీఎమ్ పీసీ, దాని నకళ్ళు వచ్చేశాయి. పది పన్నెండేళ్ళలో ఎమ్మెస్సెక్స్ సేకరణదారుల అలమరాల్లోకి చేరింది. కంపెనీ మాత్రం పోలేదు. ధాతువులు విడదీసే ప్రోగ్రామూ, అచ్చులు నింపే ప్రోగ్రామూ జెడ్80తో ముడిపడినవి కావు, వాటిని మూట కట్టుకుని పీసీ మీదకి వెళ్ళగలిగింది.

ఆ బృందానికి భాష గురించి తట్టింది నిలిచి, యంత్రం గురించి తట్టింది ఎందుకు ఓడింది? డేనియల్ కానెమన్, గారీ క్లైన్ ఇద్దరూ స్ఫురణ విషయంలో చెరో పక్షం. ఒకరు దాని పొరపాట్లు పట్టినవాడు, ఇంకొకరు అగ్నిమాపక దళం వాళ్ళ స్ఫురణని మెచ్చుకున్నవాడు. 2009లో కూర్చుని కలిసి ఒక వ్యాసం రాస్తే, విభేదిద్దామని మొదలుపెట్టినా విభేదించలేకపోయామన్నారు. వాళ్ళు తేల్చినవి రెండు షరతులు: ఆ రంగంలో మారని క్రమం ఏదో ఒకటి ఉండాలి, దాన్ని ఒంటబట్టించుకునేందుకు మనిషికి తప్పొప్పులు వెంటవెంటనే తెలిసే అవకాశం ఉండాలి. వ్యాకరణానికి రెండూ ఉన్నాయి. 1983 నాటి ఇంటి కంప్యూటర్ల బజారుకి రెండూ లేవు, అప్పటికి దాని వయసే ఆరేడేళ్ళు. సూక్ అల్ మనాఖ్‌కి అంతకన్నా లేవు. చెక్కు మార్చుకునే తారీఖు వచ్చేదాకా తప్పు చేశామో ఒప్పు చేశామో చెప్పేవాడే లేడు. బలం మాత్రం మూడుచోట్లా ఒకేలా ఉండి ఉంటుంది. గట్టిగా అనిపించడమన్నది దేనికీ సాక్ష్యం కాదని నాకు అర్థమైంది ఇక్కడే.

ఇదంతా పాత కథ అని కొట్టిపారెయ్యలేని సందర్భం నా పనిలోనే వచ్చింది. గల్ఫ్‌లో సివిల్ ఐడీ మొదలుకొని చాలా కాగితాల మీద పేరు రెండు లిపుల్లో ఉంటుంది. ఒక ఖాతాదారు కంపెనీ (పేరు అనవసరం) ఉద్యోగుల రికార్డుల వ్యవస్థలో ఇంగ్లీషు పేరు ఒక్కటే టైపు చేయించి, అరబిక్ పేరుని ప్రోగ్రాముతో పుట్టించాలనుకుంది. టైపింగ్ సగం తగ్గుతుంది, లెక్క బ్రహ్మాండంగా ఉంది. నాకు వినగానే వద్దనిపించింది. ఎందుకంటే చెప్పలేకపోయాను, మీటింగులో ఆ నిషిద్ధ వాక్యం అనలేను కూడా.

తర్వాత తీరిగ్గా తవ్వి చూసుకుంటే దొరికింది. ఆ కంపెనీలో మన కడప, రాజంపేట, గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది. అరబిక్ లిపిలో 'ప' లేదు, 'చ' లేదు. (కువైతీలు మాట్లాడేటప్పుడు 'చ' శుభ్రంగా పలుకుతారు, అది వేరే.) పెంచలయ్య అనే పేరు బెన్షలయా అవుతుంది. ఇంకో కౌంటరులో ఇంకొకాయన ఆ అరబిక్‌ని చూసి మళ్ళీ ఇంగ్లీషులో రాస్తాడు. పాస్‌పోర్టులో ఒక మనిషి, రికార్డులో ఇంకో మనిషి. ఇంటికి డబ్బు పంపే చోట ఆ రెండూ కలవకపోతే ఆ నెల జీతం ఆగిపోయేది పెంచలయ్యకే.

ఆఫీసులో అరబిక్ టైపు చేసే ఈజిప్టు పెద్దాయన చేత మనవైపు పేర్లు కొన్ని అరబిక్‌లో రాయించాం. అవి చూపించి, అసలు పేర్లు తెలియని ఇంకొకాయన చేత తిరిగి ఇంగ్లీషులో రాయించాం. బయల్దేరిన రూపంలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక మధ్యాహ్నం పని, టీ ఖర్చు. ఆ కాగితం చూశాక రెండు పేర్లకీ రెండు గడులు పెట్టడానికి ఒప్పుకున్నారు. అరబిక్ రూపం మనిషే చూసి టైపు చేస్తాడు, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పుట్టించరు. నాకు తట్టింది వ్యాకరణంలోంచి తట్టిందో, ఊరి మీద అభిమానంతో తట్టిందో ఆ కాగితం లేకపోతే నాకూ తెలిసేది కాదు.

సఖ్ర్ కథలో మిగిలింది తొందరగా చెప్పేస్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చింది. కంపెనీ పని కైరోకి తరలిపోయింది. అక్కడ అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్, చదివి వినిపించే ప్రోగ్రాము, అనువాదం, అన్నీ చేశారు. 1990ల్లో మైక్రోసాఫ్ట్ విండోస్‌కి అరబిక్ రూపం వచ్చాక, పక్క కంపెనీలు అమ్ముకునే అరబిక్ పొరలకి గిరాకీ పడిపోయింది. నబీల్ అలీ రాసిన 'అరబ్బులు, సమాచార యుగం' 1994లో ఆలం అల్ మఅరిఫాలో, అంటే మళ్ళీ కువైత్ నుంచే వచ్చింది. ఆయన 2016లో పోయారు. షారిఖ్‌కి 2021లో కింగ్ ఫైసల్ బహుమతి వచ్చింది. 2024లో కాలం చేశారు.

ఒక ఎదురు ప్రశ్న మిగిలే ఉంది, దాన్ని దాటేస్తే అన్యాయం. 2006 ఏప్రిల్‌లో గూగుల్ తన గణాంక పద్ధతి అనువాదాన్ని అరబిక్-ఇంగ్లీషు జతతోనే మొదలుపెట్టింది. ధాతువులు నేర్పలేదు, వ్యాకరణం నేర్పలేదు. ఐక్యరాజ్యసమితి పత్రాల్లాంటి జంట పాఠాలు గుట్టలుగా పోస్తే అదే నేర్చుకుంది. ఇవాళ్టి భాషా నమూనాలదీ అదే దారి. మరైతే నియమాల దారి పట్టడం వృథా ప్రయాసేనా? అదే 2006లో నిజార్ హబష్, ఫతీహా సాదత్ అనే పరిశోధకులు ఒక సంగతి చూపించారు. పాఠం తక్కువగా ఉన్నప్పుడు అరబిక్ పదాన్ని ముక్కలుగా విడదీసి ఇస్తే అనువాదం బాగుపడుతుంది, పాఠం గుట్టలుగా ఉన్నప్పుడు ఆ మేలు తగ్గుతుంది. 1985లో గుట్టలెక్కడివి? ఉన్నవి ఖురాన్, పాత నిఘంటువులు, కొంతమంది మనుషుల తలల్లో ఉన్నది. దాన్నిబట్టి చూస్తే అప్పటికి అదే సరైన దారి అంటాను. వాదించేవాళ్ళు వాదించవచ్చు.

షారిఖ్ చివరి ఏళ్ళలో పాత అరబిక్ సాహిత్య పత్రికలని సంచికలవారీగా అంతర్జాలంలోకి ఎక్కించే పని చేయించారు. నేను అరబిక్ కూడబలుక్కుని చదువుతాను, అయినా అప్పుడప్పుడు అందులోకి వెళ్ళొస్తుంటాను.

అన్నట్టు, ఆకారాల పట్టిక ఇంకా చావలేదు. పాత ఫైళ్ళతో తంటా రాకూడదని యూనికోడ్‌లో 'ప్రదర్శన రూపాలు' అని వాటికో మూల చోటిచ్చారు. పాత అరబిక్ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేస్తే ఒక్కోసారి అవే బయటకొస్తాయి. కంటికి తేడా ఏమీ ఉండదు, వెతికితే మాత్రం దొరకదు. తెలుగు డీటీపీ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఆ మాత్రం కూడా రాదు. కొమ్ముకి ఒక డాలరు గుర్తు, ఒత్తుకి ఒక ప్రశ్నార్థకం, మధ్యలో అక్కడక్కడా ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు.